చెమట పట్టని ఎండ

మా మామగారితో నేను పడ్డ గొడవల్లో ముప్పాతిక వంతు మంచినీళ్ళ గురించే. దాహం వేస్తే తాగుతానంటారు ఆయన. దాహం వేయకముందే తాగాలంటాను నేను. పొద్దున నింపి చేతికిచ్చిన బాటిల్ మధ్యాహ్నానికి అట్లాగే తెచ్చి బల్ల మీద పెట్టేవారు. "దాహం లేకుండా నీళ్ళు తాగే మనిషిని నా జన్మలో చూళ్ళేదమ్మాయ్" అనేవారు పైగా. నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు మేం అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉండేవాళ్ళం. రెండువేల పన్నెండో పదమూడో అయివుంటుంది. మా ఆయన కాంట్రాక్టేమో ఆర్కన్సాలో, బెంటన్‌విల్‌లో. సోమవారం తెల్లారకముందే ఫ్లైట్ ఎక్కి, గురువారం సాయంత్రం దిగేవాడు. నాకు పని చేసే వీసా లేదు, ఇంట్లోనే. ఆ వేసవిలో మా ఆడపడుచు పురిటికని అత్తగారూ మామగారూ న్యూజెర్సీ వచ్చారు, పిస్కాటవేకి. పురుడొచ్చిన కొద్దిరోజులకే మామగారు నాకు ఫోన్ చేశారు. "ఈ ఆడవాళ్ళ హడావిడిలో నాకు కాలు పెట్టే చోటు లేదు, మీ దగ్గరికి టికెట్ బుక్ చెయ్యి" అన్నారు. "ఇప్పుడొద్దు మామయ్యగారూ, ఇక్కడ ఎండలు మామూలుగా ఉండవు" అన్నాను. ఆయన పకపకా నవ్వారు. "ఎండల గురించి నాకు చెప్తున్నావా?" అన్నారు.

నవ్వరా మరి. ఆయన చినగంజాం దగ్గర ఉప్పు కొఠార్లో సూపర్వైజరుగా చేసి రిటైరైన మనిషి. ఉప్పు మడుల్లో కనుచూపు మేరా చెట్టుండదు. పైనుంచి ఎండ, కింద తెల్లటి ఉప్పు మీంచి మళ్ళీ అదే ఎండ. రోహిణీ కార్తెలో కూలీలు కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఉప్పు లాగుతుంటే, గొడుగు పట్టుకుని గట్ల మీద తిరిగినవాడు ఆయన. అక్కడ ఎవరికీ వడదెబ్బ తగలకుండా చూసుకోవడం ఆయన పనే. దానికి ఆయనకో పద్ధతుండేది. వీపు మీద చొక్కా తడిసిందా, పని ఆపి తాటాకు పందిట్లోకి పోవాలి, మజ్జిగ తాగాలి. చొక్కా ఆరిందా, మళ్ళీ మడిలోకి దిగాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ పద్ధతితోనే మనుషుల్ని కాపాడుకొచ్చారు. తన చేతికింద ఒక్కడు కూడా పడిపోలేదని గొప్పగా చెప్పేవారు. గొప్పే, కాదనను.

చిక్కల్లా ఏమిటంటే, మా ఊళ్ళో చొక్కా తడవదు.

చాండ్లర్ ఎండ అట్లాంటిది. కారు డోరు తీస్తే పొయ్యి మూత తీసినట్టుంటుంది. స్టీరింగ్ మీద తడిగుడ్డ వేసి పట్టుకోవాలి. సీట్ బెల్టు ఇనపముక్క తగిలి నా మోచేతికి బొబ్బ లేచింది. చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేన్నీళ్ళొస్తాయి. పాలు తోడుపెట్టి గరాజ్‌లో పెడితే కూరగాయలు తరిగేలోపు పెరుగైపోయేది, ఇంకాస్త ఆగితే పులిసిపోయేది. అయినా ఒంటి మీద చెమట చుక్క కనబడదు. గాలిలో తడి అన్నది లేక, చెమట పుట్టినచోటే ఎగిరిపోతుంది. మనకేమో హాయిగానే ఉన్నట్టుంటుంది. ఒంట్లో నీళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి.

ఇదంతా ఆయనకు చెప్పాను. ఒకసారి కాదు, రోజూ చెప్పాను. "టీవీలో నూట పన్నెండు అంటున్నారు" అంటే, మనసులోనే మన డిగ్రీల్లోకి లెక్కేసుకుని "నలభై నాలుగు. చూశాంలే" అనేవారు. "ఉక్కపోత లేని ఎండ కూడా ఒక ఎండేనా? ఇది డాబు ఎండ" అనేవారు. ఓరోజు ఆయనకు కళ్ళారా చూపిద్దామని తుండుగుడ్డ తడిపి పెరట్లో ఆరేశాను. ఆయన కాఫీ తాగడం పూర్తయ్యేసరికి అది అప్పడంలా అయింది. చూశారా మరి, మీ ఒంట్లో నీళ్ళు కూడా ఇట్లాగే పోతాయన్నాను. ఆయన ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి "ఎంత మంచి గాలో చూడు, మా ఊళ్ళో రెండు రోజులైనా ఆరదు" అన్నారు. 

అసలు గొడవ సాయంత్రం వాకింగ్ దగ్గర వచ్చింది. వాళ్ళ ఊళ్ళో సాయంత్రం ఐదైతే సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. ఊరంతా అప్పుడే బయటికొస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఐదింటికి నడవడం ఆయనకు అలవాటు. మా దగ్గర సముద్రం లేదు, గాలీ లేదు. పొద్దుట్నించీ కాలిన రోడ్లూ గోడలూ ఐదింటికే ఎక్కువ సెగ కొడతాయి. వచ్చిన మూడోరోజే జేబులో ఒక ఉల్లిపాయ వేసుకుని, తలకు తువ్వాలు చుట్టి బయల్దేరారు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "ఉల్లిపాయ మీకు వడదెబ్బ తగలకుండా ఆపదండీ, అదే వేగిపోతుంది" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. ఆ రాత్రి అత్తగారికి ఫోన్ చేసి, కోడలు తనను ఇంట్లో పెట్టి తాళం వేస్తోందని చెప్పారు. నేను వంటింట్లోనే ఉన్నానని ఆయనకు తెలుసు, వినాలనే గట్టిగా చెప్పారు.

చివరికి మా ఆయన ఫోన్‌లోనే పంచాయితీ చేశాడు. నడక తెల్లవారుజామున. ఎండెక్కాక గడప దాటకూడదు. ఆయన సరేనన్నారు. మర్నాటి నుంచీ చీకటితో లేచి, మా ఇళ్ళ వెనకాల కాలవ పక్కనున్న బాటమ్మట నడిచి, అది పార్కులో కలిసేచోటి దాకా వెళ్ళి వచ్చేవారు. వచ్చేటప్పుడు బాతుల కబుర్లు తెచ్చేవారు. కుక్కల్ని నడిపించే అమెరికన్లు తనకు గుడ్ మార్నింగ్ చెప్తున్నారని మురిసిపోయేవారు. నేను ఉప్మా చేసి పెట్టుకుని ఆయన కోసం చూసేదాన్ని. నిజం చెప్పొద్దూ, మా ఆయన లేని ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉండటం నాకు బాగుండేది. పైకి మాత్రం ఇద్దరం కయ్యానికి కాలుదువ్వుతూనే ఉండేవాళ్ళం.

జూలైలో ఒక గురువారం. మా ఆయన్ని తీసుకురావడానికి నేను ఐదింటికే బయల్దేరాను, దారిలో ఇండియన్ స్టోర్లో కరివేపాకూ వంకాయలూ కొనాలని. ఆ రోజు దక్షిణంవైపు ఆకాశం కాస్త మసకబారింది. వేడిగాలే అయినా కాస్త కదులుతోంది. మామగారు వరండాలో నిలబడి చెయ్యి గాల్లో పెట్టి చూస్తున్నారు. "గాలి తిరిగింది అమ్మాయ్" అన్నారు, చుట్టమొచ్చినంత సంతోషంగా. "లోపలికెళ్ళండి, తలుపేసుకోండి" అని చెప్పి నేను వెళ్ళిపోయాను.

స్టోర్లోంచి బయటికొచ్చి హైవే ఎక్కానో లేదో, నా ఫోన్ ఒక్కసారిగా గీపెట్టింది. దుమ్ము తుఫాను వస్తోందని హెచ్చరిక. ఎడారిలో వానల కాలంలో ఇది మామూలే. హబూబ్ అంటారు. మేఘాల్లోంచి దిగిన గాలి ఎడారి మట్టినంతా లేపుకుని ఊరి మీదికొస్తుంది. ఇంట్లో ఉంటే కిటికీలు మూసుకుని, ఏసీ ఆపేసి, పోయేదాకా కూర్చోవడమే. మామగారికి చెబుదామని ఇంటికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తలేదు. ఆయన సెల్‌కి చేశాను. అదీ అంతే. మళ్ళీ చేశాను. గాలి తిరిగింది అమ్మాయ్ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఇంట్లో లేరని నాకు తెలిసిపోయింది. 

దగ్గర్లో ఉన్న ఎగ్జిట్ తీసుకుని వెనక్కి తిరిగాను. చూద్దును గదా, ఎదురుగా ఆకాశం లేదు. మట్టిరంగు గోడ ఒకటి, నేల నుంచి పైకంటా లేచి, ఇళ్ళను ఒక్కొక్కటే మింగుకుంటూ వస్తోంది. చప్పుడు లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఈలోగా ఇంటికి చేరొచ్చని యాక్సిలరేటర్ తొక్కాను. చేరలేదు. పత్తి చేల పక్కన ఉండగా అది నా మీదికొచ్చింది. కారు బానెట్ కూడా కనబడలేదు.

మన దగ్గర మంచు పడితే ఏం చేస్తాం? ముందున్న లారీ వెనకాల ఎర్రలైటు పట్టుకుని పోతాం. ఆగాల్సొస్తే లైట్లన్నీ వేసుకుని ఆగుతాం. ఇక్కడ లైసెన్సు పరీక్షకు చదివిన పుస్తకంలో దానికి పూర్తిగా తలకిందులుగా ఉంది. దుమ్ములో చిక్కుకుంటే రోడ్డు మీంచి బాగా పక్కకు దిగిపోవాలి. లైట్లన్నీ ఆర్పేయాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ మీంచి కాలు తీసేయాలి, వెనక ఎర్రలైటు కూడా వెలక్కూడదు. లేకపోతే వెనకొచ్చేవాడు ఆ లైటే రోడ్డనుకుని వచ్చి గుద్దుతాడు. చదివినప్పుడు విడ్డూరంగా అనిపించింది. ఆ రోజు మాత్రం అక్షరం పొల్లుపోకుండా చేశాను. చక్రాలు మట్టిలో దిగేదాకా పక్కకు పోయి, అన్నీ ఆర్పేసి చీకట్లో కూర్చున్నాను. కాసేపటికి నా వెనక ఎక్కడో ఫ్లాషర్లు మసకగా వెలిగాయి, ఇంకెవరో వచ్చి ఆగినట్టున్నారు. ఆ వెంటనే బ్రేకుల కీచు వినిపించింది, ఎవడో ఆ లైట్ల వెంటబడి రోడ్డు దిగి ఆఖరి నిమిషంలో ఆపుకున్నాడు. తర్వాత ఆ ఫ్లాషర్లు కూడా ఆరిపోయాయి.

కూర్చోవడం అంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. ఇసక కారుకు కొట్టుకుంటున్న చప్పుడు, నా ఊపిరి చప్పుడు. కాలవ బాట మీద ఆయన ఎక్కడున్నారో. మనిషికి తోడు లేదు, చేతిలో నీళ్ళుండవు, అడగడానికి భాష రాదు. వెళ్ళాలి, వెళ్ళకూడదు. కారు తాళంచెవి మీద రెండుసార్లు చెయ్యి వేసి తీసేశాను. ఆయన్ని పైకే తిట్టాను. ఇంతటి మొండిఘటాన్ని నేనెక్కడా చూళ్ళేదన్నాను, రేపే టికెట్ కొని పిస్కాటవే పంపిస్తానన్నాను. తిట్టి తిట్టి, ఆయనకేం కాకుండా చూడమని వేంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

గోధుమరంగు కాస్త పలచబడి రోడ్డు మీద తెల్లగీత కనబడగానే కదిలాను. ఇంటి తలుపు దగ్గరగా వేసుంది. లోపల టీవీ స్టాండు మీద ఆయన సెల్‌ఫోన్. చెప్పులు లేవు. వంటింట్లో ఉన్న నీళ్ళ బాటిళ్ళు నాలుగు ఒళ్ళో పోసుకుని మళ్ళీ కారెక్కి, కాలవ బాట పార్కులో కలిసే చోటికి పోనిచ్చాను. గాల్లో ఇంకా దుమ్ము తిరుగుతోంది. పార్కులో పిట్ట లేదు. మామయ్యగారూ అని పిలుస్తూ పరిగెత్తాను, నోట్లో అంతా మట్టి.

పార్కులో బాత్‌రూములున్న ఇటుక గది వెనకాల ఉన్నారు. గాలి తగలని వైపు చూసుకుని, గోడకు వీపు ఆనించి, తువ్వాలు ముక్కూ నోరూ మూసేటట్టు చుట్టుకుని కింద కూర్చున్నారు. కనుబొమలు మట్టికొట్టుకుపోయాయి. నేను పక్కన కూలబడి చెయ్యి పట్టుకున్నాను. కాలుతోంది. చెమట లేదు, ఒళ్ళంతా పొడిగా, ఎర్రగా ఉంది. ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశారు. తువ్వాలు కిందికి లాక్కున్నారు.

"ఎవరమ్మా మీరు, తెలుగువాళ్ళా?" అన్నారు.

 911కి ఫోన్ చేశాను. అవతలావిడ నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పింది. అంబులెన్స్ బయల్దేరింది, చొక్కా విప్పేయి, నీళ్ళు ఒంటి మీద పోస్తూ విసురు, మనిషి తెలివిలో లేడు కాబట్టి నోట్లో మాత్రం పోయొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది అంది. ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టి గుండీలు విప్పబోయాను. ఆయన నా చెయ్యి తోసేశారు. "పరాయి ఆడవాళ్ళ ముందు బావుండదమ్మా" అన్నారు. "ఫరవాలేదు, నేను నర్సునండీ" అన్నాను. ఎట్లా తోచిందో ఆ అబద్ధం. అప్పుడు ఒప్పుకున్నారు. తల మీదా మెడ మీదా చంకల్లోనూ నీళ్ళు పోశాను. ఆయన తువ్వాలే తడిపి వీపంతా కప్పి, నా చెప్పు తీసి దాంతోనే విసిరాను.

ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. మాట ముద్దగా వస్తోంది కానీ అర్థమవుతోంది.

"మీ దగ్గర ఫోనుందిగా. మా కోడలికి చేయండమ్మా. నేను కనబడకపోతే ఈ దుమ్ములో బండేసుకుని వచ్చేస్తుంది. రావద్దని చెప్పండి. ఇంట్లోనే ఉండమనండి."

"చెప్తానండీ" అన్నాను.

"అరుస్తుంది. మీరేం అనుకోవద్దు. దానికి భయమేస్తే అట్లా అరుస్తుంది, కోపం కాదు."

నేను నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఫోన్‌లో ఆవిడ ఊపిరి ఎట్లా ఉందని అడుగుతోంది. బాగానే ఉందన్నాను.

"మావాడు మంచోడే. వారానికి రెండు మాటలు మాట్లాడతాడు నాతో. ఈ పిల్లే, పొద్దున లేచిందగ్గర్నించీ నాతో పోట్లాడుతుంది. నాకు అది బాగుంది. మా ఆవిడతో కూడా చెప్పలేదు." వీపు మీద తువ్వాలు మళ్ళీ తడిపాను. "నా వయసైపోయింది, నాకేమైనా ఒకటే. దానికేమీ కాకూడదు. చేశారా ఫోను?"

"చేశానండీ. ఇంట్లోనే ఉంది. మీకోసం చూస్తోంది" అన్నాను.

"నీళ్ళు తాగానని చెప్పండి" అన్నారు.

ఆ తర్వాత కళ్ళు మూసుకున్నారు. నేను ఆయన బుగ్గలు తడుతూ, పిలుస్తూ, ఏడుస్తూ ఉన్నాను. సైరన్ వినబడింది. ఇద్దరు వచ్చి ఆయన్ని ఎత్తి ఐసు ప్యాకెట్ల మధ్య పడుకోబెట్టారు. వాళ్ళ వెనకే నేనూ అంబులెన్సు ఎక్కాను. అప్పటికిగానీ చూసుకోలేదు, నా ఒక కాలికి చెప్పు లేదు. ఫోన్లో మా ఆయన మెసేజి ఉంది. దుమ్ము వల్ల విమానాన్ని టూసాన్‌లో దించారట, ఈ దుమ్ములో ఇంట్లో నాన్న ఎట్లా ఉన్నాడని అడిగాడు. ఎట్లా ఉన్నారో నాకూ తెలియదు.

ఎమర్జెన్సీలో ఆయన చుట్టూ చాలామంది చేరారు. నన్ను బయట కూర్చోబెట్టారు. ఒంటి వేడి దిగింది కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయేమో చూడాలనీ, తెలివొచ్చాక ఎట్లా మాట్లాడతారో చూడాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఎట్లా మాట్లాడతారో అంటే ఏమిటని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మళ్ళీ ఎవరమ్మా మీరు అంటారేమోనన్నదే నా భయం. మా ఆయన టూసాన్ నుంచి కారు అద్దెకు తీసుకుని తెల్లారేలోపు వచ్చాడు. తండ్రి మంచం దగ్గర నిలబడి ఆయన దుప్పటి సర్దాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

తెల్లారాక మామగారు కదిలారు. కళ్ళు తెరిచి ముందు సెలైన్ సీసాను చూశారు, తర్వాత కొడుకుని చూశారు. తర్వాత నావైపు తిరిగారు. 

"అమ్మాయ్, కాఫీ దొరుకుతుందా ఇక్కడ?" అన్నారు.

నేను ఏడ్చాను. అక్కడే, ఆయన ఎదురుగానే, సిగ్గులేకుండా ఏడ్చాను.  ఏడవనిచ్చారు. నర్సు వచ్చి రక్తం తీసుకుని వెళ్ళింది. అంతా అయ్యాక, ఆయన కొడుకు నిద్రపోతున్నాడా లేదా అని ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి మాట్లాడారు.

"నిన్న పార్కులో ఒకావిడ నా దగ్గర కూర్చుందమ్మాయ్. తెలుగావిడే. నర్సట. అంత దుమ్ములో నన్ను వదిలిపెట్టి పోలేదు. ఎవరో ఏమిటో కనుక్కోవాలి, ఒకసారి ఇంటికి భోజనానికి పిలవాలి."

"అట్లాగే కనుక్కుందాం మామయ్యగారూ" అన్నాను.

"చాలా నెమ్మదస్తురాలు. నీ గురించి కూడా చెప్పాను ఆవిడతో."

"ఏం చెప్పారు?" అన్నాను.

ఆయన దుప్పటి మెడదాకా లాక్కుని గోడవైపు తిరిగారు.

"అవన్నీ నీకెందుకు" అన్నారు.